కేస్ షీటులో మందు పేరు రాయాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. సార్వా (ఖరీఫ్) వరిచేలు పిలకలు వేసే దశ నుంచి గింజ పాలుపోసుకునే దాకా, మళ్ళీ దాళ్వా (రబీ)లో ఫిబ్రవరి, మార్చి నెలల్లోనూ మీ పత్రిక జిల్లా పేజీల్లో రెండు రకాల చిన్న వార్తలు తరచుగా కనిపిస్తుంటాయి. చేలో మందు పిచికారీ చేస్తూ కౌలు రైతో కూలీయో స్పృహ తప్పి పడిపోయాడన్నది ఒకటి. పురుగు మందు తాగి ఆస్పత్రిలో చేరిన వ్యక్తి చికిత్స పొందుతూ మరణించాడన్నది రెండోది. నాలుగైదు వాక్యాల ఆ వార్తల్లో ఊరు ఉంటుంది, వయసు ఉంటుంది, కేసు నమోదు చేసిన ఎస్సై పేరు కూడా ఉంటుంది. ఆ మనిషి ఒంట్లోకి వెళ్ళిన రసాయనం ఏమిటన్నది మాత్రం దాదాపు ఎప్పుడూ ఉండదు. ఇందుకు విలేకరులను తప్పు పట్టడం లేదు. ఆస్పత్రి కాగితాల్లోనే లేని సంగతి వారికి ఎక్కడ దొరుకుతుంది? గోదావరి డెల్టాలోని ప్రభుత్వ ఆస్పత్రుల అత్యవసర విభాగాల్లో నర్సుగా, తర్వాత హెడ్ నర్సుగా పనిచేసి పదవీ విరమణ చేసినదాన్ని. ఈ ఒక్క లోటు గురించే ఈ ఉత్తరం రాస్తున్నాను. పురుగు మందుల విషప్రభావంతో వచ్చే ప్రతి రోగి విషయంలోనూ అది ఏ మందు, ఒంట్లోకి ఎలా చేరింది అన్న రెండు సంగతులను తప్పనిసరిగా నమోదు చేసి, నెలనెలా జిల్లా మొత్తానికి లెక్క తీసి, ఆ లెక్కను వ్యవసాయ శాఖ ముందు పెట్టాలన్నది నా విన్నపం.

వార్డులో ఏం జరుగుతుందో ముందు చెబుతాను. రోగిని 108లోనో ఆటోలోనో తెస్తారు. వెంట వచ్చినవాళ్ళను డ్యూటీ డాక్టరు ‘ఏం మందు?’ అనే మొదట అడుగుతారు. ‘చేలో కొట్టే మందండి’, ‘దోమ మందండి’, ‘గడ్డి మందండి’ అన్న జవాబులే ఎక్కువగా వస్తాయి. కంటిపాపలు గుండుసూది మొనంత కుంచించుకుపోయి, నోటి వెంట నురగ, ఒళ్ళంతా చెమట, ఛాతీలో గురగుర వినిపిస్తుంటే ఆర్గానోఫాస్ఫేట్ (పొట్టిగా ఓ.పి.) రకం పురుగు మందని డాక్టరు పోల్చుకుంటారు. కేస్ షీటు మీద ‘ఓ.పి. పాయిజనింగ్’ అని పడుతుంది. ఆ గుర్తులు లేకపోతే ‘తెలియని విషపదార్థం’ అని పడుతుంది. ప్రాణం నిలబెట్టే తొందరలో ఆ మాత్రం రాయడమే గొప్ప, అందులో ఎవరి తప్పూ లేదు. అయితే మర్నాడు రౌండ్లలో గానీ, పెద్దాస్పత్రికి రాసి పంపేటప్పుడు గానీ, డిశ్చార్జి నాడు గానీ ఆ గడిని మళ్ళీ చూసి పూర్తిచేసే అలవాటు నేను పనిచేసిన చోట్ల కనబడలేదు. రోగి ఇంటికి వెళ్ళినా, శవపంచనామాకు వెళ్ళినా, ఆ కాగితం మాత్రం అలాగే రికార్డు గదిలో కట్టలోకి చేరుతుంది.

పేరు తెలిస్తే ఏమవుతుందని అడిగేవారుంటారు. ఆర్గానోఫాస్ఫేట్లన్నీ ఒకే తీరుగా పనిచేసినా ఒకే తీరుగా నడవవు. మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్, ప్రొఫెనోఫాస్, డైమిథోయేట్, ఎసిఫేట్ ఇవన్నీ ఆ కుటుంబంలోవే. నరాల సందేశాలను ఎప్పటికప్పుడు తుడిచేసే ఎసిటైల్ కోలినెస్టరేజ్ అనే ఎంజైమును ఇవి కట్టిపడేస్తాయి; దానితో గ్రంథులు ఆగకుండా ఊరుతాయి, ఊపిరితిత్తులు నీటితో నిండుతాయి, కండరాలు అదిరి అదిరి చచ్చుబడతాయి. విరుగుడు అట్రోపిన్. మన ఆస్పత్రులకు వచ్చే ఆంప్యూలులో 0.6 మిల్లీగ్రాములే ఉంటుంది. ఛాతీలో తేమ ఆరి, నాడీ రక్తపోటూ నిలదొక్కుకునే దాకా కొద్ది నిమిషాలకోసారి మోతాదు రెట్టిస్తూ పోవాలి కనుక తీవ్రమైన కేసుకు ఒక్క రాత్రిలో పదుల కొద్దీ, ఒక్కోసారి వందకు పైగా ఆంప్యూళ్ళు ఖర్చవుతాయి. మంచం పక్కన నిలబడి ఒకరు ఆంప్యూళ్ళ మెడలు విరుస్తుంటే ఇంకొకరు సిరంజిలోకి లాగుతూ ఉండటం, తెల్లవారేసరికి ట్రే నిండా గాజు ముక్కలు పేరుకోవడం ఆ వార్డుల్లో పనిచేసినవారందరికీ తెలిసినదే. ఇదంతా చేశాక కూడా, క్లోర్‌పైరిఫాస్ కొవ్వులో కరిగి నిలవుండే రకం కనుక ఆలస్యంగా, ఎక్కువ రోజులు బాధిస్తుంది; డైమిథోయేట్ అయితే తొలి గంటల్లోనే రక్తపోటును కూలదోస్తుంది. కార్బమేట్ అనే ఇంకో రకం పురుగు మందులకు కూడా మొదట ఇవే లక్షణాలు ఉంటాయి, కానీ రోగి త్వరగా తేరుకుంటాడు, ఓ.పి. కేసులకు అట్రోపిన్‌తో పాటు ఇచ్చే ప్రాలిడాక్సిమ్ అనే విరుగుడు సాధారణంగా వీటికి అక్కరలేదు.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది మూడో రోజు. అట్రోపిన్ పనిచేసి, రోగి కళ్ళు తెరిచి, ఇంటివాళ్ళు తెచ్చిన ఇడ్లీ తిని, ‘బాగానే ఉంది కదండీ, పంపించేయండి’ అని బంధువులు బతిమాలుతున్న సమయంలోనే, అంటే విషం ఎక్కిన ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య, మెడ కండరాలూ ఊపిరి తీసే కండరాలూ హఠాత్తుగా బలహీనపడతాయి. అందుకే తలను దిండు మీద నుంచి ఎత్తి చూపమని పూటపూటా రోగిని అడుగుతాం. ఎత్తలేకపోతే ఆ గంటలోనే వెంటిలేటరు ఉన్న చోట ఉండాలి. సఖినేటిపల్లి, అంతర్వేది వంటి కోనసీమ చివరి ఊళ్ళ నుంచి కాకినాడ పెద్దాస్పత్రికి వెళ్ళాలంటే రోడ్డు మీద వంద కిలోమీటర్ల దాకా పోవాలి. లంక గ్రామాలవారు ముందు పడవ దాటాలి. ఏ మందో ముందే తెలిస్తే ఎవరిని మొదటి రోజే పంపాలో, ఎవరిని దగ్గరే ఉంచి కనిపెట్టుకోవచ్చో నిర్ణయించడం డాక్టరుకు చాలా తేలికవుతుంది.

గడ్డి మందు సంగతి వేరు. గట్ల మీదా తోటల్లోనూ గడ్డి మాడ్చడానికి వాడే పారాక్వాట్‌కు విరుగుడు లేదు. వచ్చిన రోజు రోగి నడిచే వస్తాడు, మాట్లాడతాడు. ఒకటి రెండు రోజుల్లో నోరూ నాలుకా పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి, ఆ తర్వాత ఊపిరితిత్తులు గట్టిపడిపోతూ వస్తాయి. ఏ రోగికైనా ఆక్సిజన్ పెడితే మేలే అనుకుంటాం. ఈ ఒక్క మందు విషయంలో, రక్తంలో ప్రాణవాయువు నిజంగా పడిపోతే తప్ప, తొందరపడి పెట్టే ఆక్సిజన్ ఊపిరితిత్తుల నాశనాన్ని వేగవంతం చేస్తుంది. ‘గడ్డి మందు’ అన్నంత మాత్రాన అది పారాక్వాటో, గ్లైఫోసేటో, వరిలో కలుపుకు వేసే బిస్పైరిబాక్ సోడియమో తెలియదు, వాటి ప్రమాదాలకూ పోలికే లేదు. ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. డబ్బా మీది ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణాలను చూసి విషం ఎంతటిదో గ్రహించమని రైతులకు చెబుతాం. ఎరుపు అత్యంత విషపూరితం, తర్వాతది పసుపు. పారాక్వాట్ మీద ఉండేది పసుపు. ప్రయోగశాల జంతువుల మీద కట్టిన ఆ కొలతకూ, మనిషి ఆస్పత్రికి వచ్చాక బతికే అవకాశానికీ ఎంత తేడా ఉందో చెప్పగలిగేది ఆస్పత్రి లెక్క ఒక్కటే.

పేరు ఎక్కడ పోతోందో చూద్దాం. అసలు డబ్బా వార్డు దాకా రావడమే అరుదు. వచ్చినా దాన్ని పాలిథీన్ కవరులో చుట్టి తెస్తారు. కారిన మందుకు లేబులు అక్షరాలు కరిగిపోయి త్రికోణం మాత్రం మిగిలి ఉంటుంది. లోపల పెట్టే కరపత్రంలో విషలక్షణాలూ విరుగుడూ ఉండాలని నిబంధన ఉంది, నిజంగానే ఉంటాయి, కానీ మడత మీద మడతగా పలు భాషల్లో అచ్చయిన ఆ కాగితంలో తెలుగు ముక్క వెతికి చదవాలంటే భూతద్దం కావాలి. దుకాణంలో డబ్బా విప్పి అర్ధపావు, పావు లెక్కన చిల్లరగా పోసి ఇవ్వడం, మిగిలిన మందును మంచినీళ్ళ సీసాలోనో కూల్‌డ్రింకు సీసాలోనో పోసి పశువుల పాక చూరులో దోపడం ఇప్పటికీ ఉంది. 2013 జులైలో బిహార్‌లోని సారణ్ జిల్లాలో మధ్యాహ్న భోజనం తిన్న 23 మంది బడిపిల్లలు మరణించింది వంటనూనెలోకి మోనోక్రోటోఫాస్ చేరడం వల్లనే. చూరులో దోపిన సీసా విషయంలో మనవాళ్ళకు అంతకంటే పెద్ద హెచ్చరిక అక్కరలేదు.

ఇక పిచికారీ. వరిని పీల్చే సుడిదోమ అనే పురుగు మొక్క మొదట్లో ఉంటుంది కనుక మందు అక్కడ పడాలి. ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తీయమని మారుటేరు వరి పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు ఎంతకాలంగా చెబుతున్నా, తీయని చేలే కనబడతాయి. తొడల దాకా పెరిగిన తడి చేలో, వీపున ట్యాంకుతో, లుంగీ ఎగగట్టి, వట్టి కాళ్ళతో మనిషి దూరుతాడు. కూలి ట్యాంకుకు ఇంత అని మాట్లాడుకుంటారు కనుక గాలి ఎటున్నదీ చూడడు, ఎండెక్కే లోపల ఎన్ని ట్యాంకులు కొట్టగలిగితే అన్నే కూలి. దోమకు ఒకటి, పాముపొడ తెగులుకు ఒకటి, బలానికి ఇంకొకటి కలిపి ఒకే ట్యాంకులో పోస్తారు. మూత వదులైన ట్యాంకు నుంచి కారిన మందు వీపు మీదుగా నడుము దాకా బనియనును తడిపి, మధ్యాహ్నం దాకా అలాగే ఉంటుంది. చర్మం లోపలికి పీల్చుకునే రకాలు ఇవి. సాయంత్రానికి తలనొప్పి, వాంతి, చూపు మసక; ‘మందు ఎక్కింది’ అని మజ్జిగ తాగించి పడుకోబెడతారు. వీరిలో పదిమందిలో ఒకరు కూడా ఆస్పత్రికి రారని నా అంచనా. వచ్చినా, అవుట్ పేషెంటు చీటీ మీద ‘కళ్ళు తిరగడం’ అని రాసి, ఒక సెలైన్ ఎక్కించి పంపిస్తారు. ఆ తడిసిన బనియను విప్పించి, సబ్బుతో తలా ఒళ్ళూ కడిగించడం మొదటి చికిత్స అన్న సంగతి సెలైన్ కంటే ముఖ్యం. కలుపు తీతకు మర్నాడే ఆ చేలోకి దిగే ఆడకూలీల గురించి అడిగేవారే లేరు.

2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా మరణించి, వందల మంది ఆస్పత్రుల పాలైనప్పుడే దేశం ఈ వైపు తిరిగి చూసింది. మన చేలలో మరణాలు అలా ఒక్కసారి గుట్టగా పడవు. అందుకే కనబడవు.

తాగిన కేసుల్లో పేరు దాచడానికి ఇంకో కారణం భయం. పోలీసు కేసవుతుందని, పరువు పోతుందని, పొలంలో కొడుతుండగా పడిపోయాడని చెప్పేవారు ఉంటారు. పొలంలో పడిపోయిన కూలీ విషయంలో తనకు చుట్టుకుంటుందని తాగాడేమో అనే యజమానీ ఉంటాడు. రెండు అబద్ధాలూ లెక్కను పాడుచేస్తాయి. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించి, శిక్షకు బదులు సంరక్షణ కల్పించాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షను చెబుతోంది; 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత శిక్షాస్మృతి 309వ సెక్షను లేదు. మెడికో లీగల్ కేసుగా పోలీసులకు తెలియజేయడం వేరు, బతికి బయటపడినవాణ్ణి ముద్దాయిని చేయడం వేరు. ఈ మాటను వార్డు గోడ మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి పెట్టినా నిజం చెప్పేవారు పెరుగుతారు. పక్కనే మానసిక వేదనలో ఉన్నవారి కోసం ఉన్న టెలి మానస్ ఉచిత సహాయ నంబరు 14416 కూడా రాయాలి. మీ పత్రిక కూడా ఇటువంటి మరణాల వార్తల్లో వివరాలు తగ్గించి ఆ నంబరు వేస్తే మంచిది. పిచికారీ ప్రమాదాల వార్తల్లో మాత్రం రసాయనం పేరు అడిగి మరీ అచ్చువేయండి. ఈ రెండూ వేరు వేరు వార్తలు.

లెక్క తీస్తే ఏమొస్తుందో మన తెలుగు నేల మీదే రుజువైంది. వరంగల్ జిల్లా ప్రభుత్వ ఆస్పత్రిలో 1997 నుంచి 2002 వరకు పురుగు మందుల విషంతో చేరినవారు 8040 మంది అనీ, వారిలో నూటికి 22.6 మంది మరణించారనీ 2005లో ప్రచురితమైన ఒక అధ్యయనం చెప్పింది. రికార్డు గదిలోని కట్టలు విప్పి కూర్చుంటే తేలిన సంఖ్య అది. అంతకంటే ముఖ్యమైన సంగతి, మందు పేరు తెలిసిన కేసుల్లో ఎక్కువ మరణాలకు మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్ అనే రెండే కారణమని తేలడం. అంగట్లో వందల రకాలు ఉండవచ్చు, చంపేవి కొన్నే. ఆ కొన్ని ఏవో తెలిస్తే వాటినే పక్కన పెట్టవచ్చు. శ్రీలంక చేసింది అదే. మనలాగే వరి తినే, వరి పండించే ఆ దేశం ఆస్పత్రి లెక్కలు చూసుకుంటూ 1995 నాటికి అత్యంత విషపూరితమైన తరగతిలోని మందులను, 1998లో ఎండోసల్ఫాన్‌ను, 2008 నుంచి 2011 లోపు డైమిథోయేట్, ఫెంథియాన్, పారాక్వాట్‌లను ఆపేసింది. 1995తో పోలిస్తే 2015 నాటికి అక్కడ ఆత్మహత్యల రేటు మూడింట రెండు వంతులకు పైగా తగ్గింది. వరి దిగుబడి తగ్గలేదు. క్షణికావేశంలో చేతికి అందిన సీసాయే ప్రాణాన్ని నిర్ణయిస్తుందని వార్డులో పనిచేసిన మాకు ఎప్పుడూ అనిపించేదే. బతికి బయటపడినవారిలో అత్యధికులు మళ్ళీ ఆ పనికి పోలేదు.

మన దగ్గర చట్టం లేదా అంటే, ఉంది. 1968 నాటి కీటకనాశినుల చట్టంలోని 26వ సెక్షను ప్రకారం, కీటకనాశినుల వాడకం వల్లా, వాటిని పట్టుకుని పనిచేయడం వల్లా కలిగిన ప్రతి విషప్రభావ ఘటననూ నిర్దిష్ట అధికారికి తెలియజేయాలని రాష్ట్ర ప్రభుత్వం గెజెట్ ద్వారా ఎవరినైనా ఆదేశించవచ్చు. ఆ నివేదికలు చూసి, ప్రజల ప్రాణాలకు ముప్పు ఉందనిపిస్తే ఒక మందు అమ్మకాన్ని 60 రోజుల వరకు నిలిపివేసి విచారణ జరిపించే అధికారాన్ని 27వ సెక్షను ఇస్తోంది. అంటే ఆస్పత్రి చీటీకీ అంగడి అరకూ మధ్య దారి వేసి ఉంచింది అర్ధశతాబ్దం కిందటి చట్టమే. నేను పనిచేసిన ఇన్నేళ్ళలో ఫలానా మందు కేసులు ఎన్ని వచ్చాయని వ్యవసాయ శాఖ నుంచి ఒక్క కాగితం మా వార్డుకు రాలేదు. ఆ సెక్షను మాటల్లో తాగిన కేసులు స్పష్టంగా లేవు కనుక వాటిని కూడా కలిపి లెక్కించమని వైద్య ఆరోగ్య శాఖ విడిగా ఒక ఉత్తర్వు ఇస్తే సరిపోతుంది.

నిషేధాలు ఢిల్లీ నుంచి వస్తూనే ఉన్నాయి కదా అంటారు. వచ్చాయి. 2018 ఆగస్టులో 18 మందుల మీద ఉత్తర్వు వెలువడింది. మిథైల్ పారాథియాన్ వంటి 12 మందులకు వెంటనే, డైక్లోర్వాస్, ఫోరేట్, ట్రయజోఫాస్ వంటి ఆరింటికి 2020 చివరి నుంచి వర్తించింది. 2023లో మోనోక్రోటోఫాస్ 36 శాతం ద్రావణాన్ని కూడా దశలవారీగా ఉపసంహరించాలని తేల్చారు. కూరగాయల మీద దీని వాడకం 2005 నుంచే నిషిద్ధం. ఆ నిషేధం ఎంతవరకు పాటించారో బెండ, వంగ రైతులనే అడగండి. ఉత్తర్వు తర్వాత ఆ మందు కేసులు తగ్గాయా, పాత నిలవలు ఇంకా ఎక్కడ అమ్ముడవుతున్నాయి, దాని స్థానంలో ఏది వచ్చింది అన్న మూడు ప్రశ్నలకూ జవాబు వార్డులోనే దొరుకుతుంది, అదీ పేరు రాస్తేనే. నిషేధించిన మందుతో ఈ నెలలో ఒక రోగి వచ్చాడంటే, ఆ డబ్బా ఏ కొట్టులో కొన్నదో మండల వ్యవసాయాధికారి మర్నాడే వెళ్ళి చూడగలగాలి.

2020 డిసెంబరులో ఏలూరులో ఆరువందల మంది దాకా మూర్ఛలతో, వాంతులతో పడిపోయినప్పుడు మొదట సీసం, నికెల్ అన్నారు, తర్వాత పురుగు మందుల అవశేషాలు ప్రధాన కారణం కావచ్చని నిపుణుల బృందాలు ప్రభుత్వానికి చెప్పాయి. ఢిల్లీ, హైదరాబాదుల నుంచి శాస్త్రవేత్తలు రావలసి వచ్చింది. చుట్టుపక్కల ఆస్పత్రుల్లో మామూలు రోజుల్లో ఏ మందు కేసులు ఎన్ని వస్తాయన్న లెక్క చేతిలో ఉంటే, ఆ కంగారులో వెతకడానికి కనీసం ఒక మొదలు దొరికేది.

ఇప్పుడు నేను కోరే పని పెద్దదేమీ కాదు. కోనసీమ, కాకినాడ, తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి, ఏలూరు జిల్లాల్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి బోధనాసుపత్రి దాకా, ప్రైవేటు ఆస్పత్రులతో సహా, ఒక్క పేజీ ఫారం ఉండాలి. అందులో రోగి పేరు అక్కరలేదు. వయసు, గ్రామం, చేసే పని, మందు వాణిజ్య నామం, దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు రసాయనం పేరు, శాతం, చర్మం మీద పడిందా, పీల్చారా, తాగారా, పొరపాటునా, కావాలనా, చివరికి బతికారా లేదా, ఇంతే. చేరిన 24 గంటల్లో ఒకసారి, డిశ్చార్జి నాడు ఒకసారి నర్సు పూర్తి చేయగలిగినది ఇది. డబ్బా గానీ, కనీసం ఫోనులో దాని లేబులు ఫొటో గానీ వెంట తెమ్మని 108 సిబ్బందీ ఆశా కార్యకర్తలూ ఫోను ఎత్తిన మొదటి నిమిషంలోనే చెప్పాలి. డబ్బాను చేత్తో పట్టుకోకుండా కవరులో వేసి తెమ్మనీ, దారిలో ఉప్పునీళ్ళూ పేడనీళ్ళూ తాగించి వాంతి చేయించవద్దనీ, అది ఊపిరితిత్తుల్లోకి పోయి ఇంకో ప్రాణగండం తెస్తుందనీ అదే గొంతుతో చెప్పాలి. నెలాఖరుకు జిల్లా వైద్యాధికారి లెక్క తీసి జిల్లా వ్యవసాయాధికారికి పంపి, జిల్లా వెబ్‌సైటులోనూ పెట్టాలి. పాముకాటు కేసులను తప్పనిసరిగా తెలియజేయవలసిన జాబితాలో చేర్చమని 2024 నవంబరులో కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రాలను కోరింది. అదే చేలో, అదే గట్టు మీద పడిపోయి అదే వార్డుకు వచ్చే మరో మనిషిని లెక్కలోకి తీసుకోకపోవడానికి కారణం కనబడదు.

డాక్టర్లకు ఇప్పటికే రాతపని ఎక్కువన్న మాట నిజమే, దానిని తోసిపుచ్చను. అందుకే నర్సులకు అప్పగించమంటున్నాను. పేరు బయటపడితే వ్యాపారం పోతుందని పురుగు మందుల దుకాణదారులు అభ్యంతరం చెప్పవచ్చు. ఏ మందుతో ఎక్కువ మంది చనిపోతున్నారో తెలిస్తే తమ ఊరివాడికి దాన్ని ఇవ్వకుండా వేరేది చూపించే దుకాణదారులు కూడా నాకు తెలుసు. రైతులు మాత్రం, దోమపోటు వచ్చినప్పుడు ఉన్న మందు కూడా తీసేస్తే పంట ఎలా అని అడుగుతారు, అది న్యాయమైన ప్రశ్న. దోమను కొంత తట్టుకునే ఎంటీయూ 1061, 1064, 1121 వంటి వరి రకాలు మారుటేరు నుంచి వచ్చినవే. మనిషికి అంత ప్రమాదం కాని మందులూ ఉన్నాయి, ఖరీదు మాత్రం ఎక్కువ. రాయితీ ఇవ్వవలసింది అక్కడ. దేనికి ఇవ్వాలో, దేన్ని ఆపాలో తేల్చడానికి వ్యవసాయ శాఖకు మా లెక్క కావాలి.

సంక్రాంతి దాటితే దాళ్వా పిచికారీలు మొదలవుతాయి. ఐదు జిల్లాల కలెక్టర్లూ ఈ లోపు వైద్య, వ్యవసాయ శాఖల అధికారులను ఒక్కసారి కూర్చోబెడితే ఫారం ఆ సీజను నుంచే మొదలుపెట్టవచ్చు. నాతో కలిసి పనిచేసి రిటైరైన నర్సులు, ఫార్మసిస్టులు కొందరు ఈ ప్రాంతంలోనే ఉన్నారు. ఫారం తెలుగులో తయారుచేయడానికీ, ఆశా కార్యకర్తలకు లేబులు చదవడం నేర్పడానికీ మేము పైసా తీసుకోకుండా వస్తాం. పిలిస్తే చాలు.

ఇట్లు
విశ్రాంత ప్రభుత్వ హెడ్ నర్సు,
కోనసీమ